పన్ను ఒక్క పూటలో పెట్టారు, చిగురు నెలలు తీసుకుంది

మా స్కూల్ స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "టీచర్, ఇంప్లాంట్ పెట్టించుకున్నారు కదా, ఏ కంపెనీది? ఎంతయింది? నొప్పి పుట్టిందా?" ఈ మూడింటికీ జవాబు చెప్పడం పెద్ద పనేం కాదు. ఎవరూ అడగనిది ఒకటుంది, ఆ పన్ను చుట్టూ ఉన్న చిగురు ఎలా మానిందని. నాకు ఎక్కువ రోజులు పట్టింది, ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ చిగురే. పన్ను పీకిన చోటే అదే పూట ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగించి దాని మీద నిలబెట్టే పన్ను, పెట్టించుకోవాలని అనుకునేవాళ్లకు ఉపయోగపడుతుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోయింది పైవరుసలో నడిమి పన్ను, కుడివైపుది. చిన్నప్పుడు చంద్రగిరి కోటకు వెళ్లినప్పుడు మెట్ల మీద పడి దానికి దెబ్బ తగిలింది. డిగ్రీ చదివే రోజుల్లో నల్లబడితే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. ఆ తరువాత దాని ఊసే మరిచిపోయాను. దసరా సెలవులకు కొంచెం ముందు, కపిలతీర్థం రోడ్డులో కాల్చిన మొక్కజొన్న కండె కొరుకుతుంటే లోపల 'టక్'మంది. నొప్పి లేదు. నాలుకతో తాకితే పన్ను మొత్తం కదులుతోంది. ఎక్స్‌రేలో చూస్తే చిగురు లోపల వేరు అడ్డంగా విరిగి ఉంది. రూట్ కెనాల్ చేసిన పన్ను ఏళ్లు గడిచేకొద్దీ ఇలా విరగడం అరుదేం కాదట. వేరు విరిగింది ఎముక లోపల కాబట్టి దాన్ని నిలబెట్టే దారి లేదు, తీసేయాల్సిందే.

మొదట వెళ్లిన చోట నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన కొద్దిసేపటికే, పక్కన ఉన్న రెండు మంచి పళ్లనూ అరగదీసి మూడింటికీ కలిపి బ్రిడ్జి వేద్దామన్నారు. బ్రిడ్జి చెడ్డ వైద్యం కాదు. పక్క పళ్లకు ఇప్పటికే క్యాపులు ఉన్నవాళ్లకు అది సరిపోతుంది కూడా. కానీ నా పక్క పళ్లు రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇంకో చోట స్కాన్ కూడా తీయకుండానే "ఒక్క రోజులో పన్ను పెట్టేస్తాం మేడమ్, అడ్వాన్స్ కట్టండి" అన్నారు. స్కాన్ చూడకుండా అలా ఎలా చెప్పగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పేషెంటుకు తెలియదు కదా అని అలా మాట్లాడటం తప్పని గట్టిగా అంటాను. అక్కడి నుంచి లేచి వచ్చేశాను. చివరికి బాలాజీ కాలనీ వైపు ఉండే ఒక చిగుళ్ల స్పెషలిస్ట్ దగ్గరికి మా తోటి టీచర్ తీసుకెళ్లింది. ఆమెను డాక్టరమ్మ అనే రాస్తాను.

డాక్టరమ్మ మొదట పన్ను చూడలేదు, చిగురు చూసింది. సన్నని కొలత పుల్లను చిగురు అంచు లోపలికి మెల్లగా పోనిచ్చి, పుల్ల రంగు బయటికి కనిపిస్తోందా అని చూసింది. కనిపించింది. "మీ చిగురు పల్చన టీచర్. మందంగా ఉన్నవాళ్లకు మానేటప్పుడు అంతగా జరగదు. పల్చగా ఉన్నవాళ్లకు పైకి జారిపోతుంది. నవ్వినప్పుడు మీ చిగురు కనిపిస్తుంది కాబట్టి నాకు పన్ను కన్నా దాని గురించే ఎక్కువ ఆలోచన" అంది. ఆ మాటతోనే ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

తరువాత సీబీసీటీ స్కాన్ తీయించారు. దవడ ఎముకను అన్ని వైపుల నుంచీ పొరలు పొరలుగా చూపించే ఎక్స్‌రే అది. స్క్రీన్ మీద నా పన్ను ముందువైపు ఎముక గోడ చూపించింది. సన్నని తెల్లటి గీత, అంతే. పైవరుస ముందు పళ్లకు పెదవి వైపు ఉండే ఈ గోడ చాలామందికి 1 మిల్లీమీటరు కూడా ఉండదట. పైగా ఆ గోడకు అందే రక్తంలో చాలా భాగం పంటి వేరు చుట్టూ ఉండే పొర నుంచే వస్తుంది. పన్ను తీసేస్తే ఆ పొర కూడా పోతుంది కాబట్టి గోడ మెల్లగా కరుగుతుంది. గోడ కరిగితే దాని మీద ఆనుకుని ఉన్న చిగురూ కుంగుతుంది. పన్ను పోయిన కొన్నాళ్లకు అక్కడ గుంట పడినట్టు కనిపించేది అందుకే.

అదే పూట ఇంప్లాంట్ పెట్టేస్తే ఎముక కరగదు కదా అని అడిగాను. చాలామంది నాలాగే అనుకుంటారని చెప్పింది. టైటానియం స్క్రూ పెట్టినంత మాత్రాన ఆ గోడ కరగడం ఆగదు. అందుకని స్క్రూను పెదవి వైపు గోడకు ఆనించకుండా అంగిలి వైపుకు జరిపి పెట్టాలి, మధ్యలో మిగిలే సందును ఎముక పొడితో నింపాలి, పైన చిగురును మందం చేయాలి. ఈ మూడూ కుదిరితేనే అదే పూట పెట్టడంలో అర్థం ఉంది. అదే పూట పెట్టాలంటే ముందు గోడ పగలకుండా ఉండాలి, వేరు దగ్గర చీము ఉండకూడదు, వేరు చివర దాటి 3, 4 మిల్లీమీటర్ల గట్టి ఎముక స్క్రూకు దొరకాలి. నాకు ఇవన్నీ ఉన్నాయి. షుగర్ పరీక్ష చేయించింది, గత కొన్ని నెలల షుగర్ సగటు చూపించే హెచ్‌బీఏ1సీ మామూలుగానే వచ్చింది. ఎముకలు గుల్లబారకుండా వాడే మందులు ఏవైనా తీసుకుంటున్నానా, ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలుస్తారా అని కూడా అడిగింది. "పన్ను తీశాక గోడ దెబ్బతిన్నదని కనిపిస్తే ఇంప్లాంట్ పెట్టను, పొడి నింపి మూసేసి కొన్ని నెలలు ఆగుతాను. దానికి ఇప్పుడే ఒప్పుకోండి" అని కాగితం మీద సంతకం తీసుకుంది. ఒక్క రోజులో అయిపోతుందని ఎవరైనా ముందే మాట ఇస్తే, ఈ ఒక్క షరతు గురించి అడిగి చూడండి.

ఎముక పొడి దగ్గర మా ఇంట్లో చిన్న చర్చ జరిగింది. ఇంప్లాంట్ల దగ్గర నింపే పొడుల్లో బాగా వాడుకలో ఉన్నది పశువుల ఎముక నుంచి తయారైనది. దాన్ని బాగా శుద్ధి చేసి, లోపలి జీవపదార్థం అంతా తీసేసి, ఖనిజం మాత్రం మిగిలేలా చేస్తారు. డాక్టరమ్మ ఈ విషయం తనంతట తానే చెప్పింది. తిరుపతిలో ఉంటూ, శనివారం ఒక్కపొద్దు ఉండే ఇల్లు మాది. మా అత్తమ్మకు ఆవు అంటే దేవుడే. వైద్యం కోసమైనా సరే, మనసుకు ఒప్పని వస్తువు ఒంట్లో పెట్టుకుని తిరగలేనని చెప్పాను. ఆమె తేలిగ్గా తీసుకోలేదు. అభ్యంతరం ఉన్నవాళ్లకు కాల్షియం ఫాస్ఫేట్‌తో కృత్రిమంగా చేసిన పొడి ఉందని చూపించింది. తేడా కూడా దాచలేదు. పశువుల ఎముక పొడి చాలా ఏళ్లు కరగకుండా ఉండి ఆకారం నిలబెడుతుంది. కృత్రిమ పొడిలో ఒక రకం త్వరగా కరుగుతుంది, ఇంకో రకం నెమ్మదిగా కరుగుతుంది. రెండూ కలిసినది వాడదామంది. దాని మీద కప్పే పల్చటి పొరలు కూడా కొన్ని జంతువుల నుంచే వస్తాయి కాబట్టి, వాటి బదులు నా చిగురు కండనే వాడతానంది. ఇంట్లో పట్టింపు ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా ముందే అడగండి. అడిగే హక్కు మనకుంది.

ఆపరేషన్ సెలవుల మొదట్లో పెట్టుకున్నాం. అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కు ఉండింది. 3,550 మెట్లు ఎక్కితే బీపీ పెరిగి రక్తం కారవచ్చు, కనీసం కొన్ని వారాలు ఆగమంది. స్వామికి దణ్ణం పెట్టుకుని వాయిదా వేశాను.

మత్తు ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు పెదవి లోపల చురుక్కుమంది, అంగిలిలో ఇచ్చినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడితో నొప్పి అయిపోయింది. పన్ను పీకడం అంటే లాగడం అనుకున్నాను. ఆమె లాగనే లేదు. పలచటి బ్లేడు ఒకటి వేరుకూ ఎముకకూ మధ్య దించి, చుట్టూ కొంచెం కొంచెం తిప్పుతూ పట్టు వదిలించింది. పెదవి వైపు మాత్రం ఆ బ్లేడు ఆనించలేదు. పై ముక్క సులువుగా వచ్చింది. లోపల మిగిలిన వేరు ముక్కకే చాలాసేపు పట్టింది. చిగురును కోసి విప్పితే పని త్వరగా అవుతుంది కానీ అలా విప్పితే గోడకు పైనుంచి అందే రక్తం కూడా తగ్గుతుందట, అందుకే కోయకుండా ఓపికగా తీసింది. గుంతలోకి కొలత పుల్ల దించి గోడ మొత్తం తడిమి, "ఉంది టీచర్, నిండుగా ఉంది" అన్నప్పుడు నా చేతులు కుర్చీ పట్టు వదిలాయి.

తరువాత డ్రిల్లు. చల్లటి నీళ్లు కారుతూనే ఉన్నాయి, ఎముక వేడెక్కితే చచ్చిపోతుంది కాబట్టి. నొప్పి లేదు కానీ ముక్కు కింద, తల లోపలి దాకా గుర్రుమంటూ అదురు తెలుస్తుంది. స్క్రూను చివరి చుట్లు చేతి రెంచితో బిగించింది. ఆ రెంచి మీద గీతలుంటాయి, ఎంత బలానికి స్క్రూ ఆగిందో చూపిస్తుంది. 35 న్యూటన్ సెంటీమీటర్లు దాటిందని అసిస్టెంట్ అమ్మాయి గట్టిగా చదివింది. అంత పట్టు రాకపోతే అదే రోజు పైన టెంపరరీ పన్ను పెట్టేది కాదట. స్క్రూకూ ముందు గోడకూ మధ్య మిగిలిన సందులో పొడిని చిన్న చెంచాతో కూరింది. తరువాత అంగిలి పక్క నుంచి, పైచర్మం అలాగే ఉంచి, లోపలి పొర నుంచి చిన్న కండ ముక్క తీసింది. దాన్ని నా పల్చటి చిగురు వెనక జేబులో పెట్టినట్టు దూర్చి, వెంట్రుకంత సన్నని దారంతో కుట్టింది.

చివరగా టెంపరరీ పన్ను. ఇది జిగురుతో అంటించేది కాదు, వెనకవైపు రంధ్రం నుంచి చిన్న మరతో బిగించేది. జిగురు వాడితే అది చిగురు కిందికి కారి మిగిలిపోయి వాపు తెస్తుందట, తాజా గాయంలో అయితే మరీ ప్రమాదం. పన్ను బిగించాక నీలం కాగితం పెట్టి కొరకమంది. మచ్చ పడిన చోటల్లా అరగదీసింది. దవడ ముందుకు, పక్కలకు జరిపి మళ్లీ చూసింది. ఏ దిక్కున కదిపినా కింది పళ్లు దాన్ని తాకకూడదు. అద్దంలో చూసుకుంటే పన్ను ఉంది. కానీ అది చూడటానికి మాత్రమే, కొరకడానికి కాదని నాకు పదేపదే చెప్పి పంపింది.

మొదటి రాత్రి తల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకున్నాను. బయట నుంచి ఐస్ పెట్టాను. మర్నాటికి పెదవి వాచింది, ముక్కు పక్కన కొంచెం కమిలింది. ఇంప్లాంట్ పెట్టిన చోట నొప్పి మాత్రలతో అణిగిపోయింది. అంగిలి గాయం మాత్రం ఏడిపించింది. నాలుక ఊరికే అక్కడికే పోతుంది, మింగినప్పుడల్లా మండుతుంది. చిగురు అతుకు వేయించుకున్న వాళ్లకు ఎక్కువ బాధ పెట్టేది ఈ కండ తీసిన చోటేనని ముందే తెలిస్తే కంగారు ఉండదు. చల్లారిన రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, గోరువెచ్చని పప్పునీళ్లు, ఇవే నా తిండి. మజ్జిగ కూడా స్ట్రాతో తాగొద్దన్నారు, నోట్లో పీల్చే ఒత్తిడికి రక్తపు గడ్డ కదులుతుందని. మొదటి రోజు పుక్కిలించడం కూడా వద్దు. మరుసటి రోజు నుంచి క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్, అదీ గట్టిగా గరగరలాడించకుండా, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయడం. పేస్టుతో తోముకున్న వెంటనే వాడితే దాని పని తగ్గుతుంది, అరగంట ఆగాలి. వాడిన కాసేపటికే కాఫీ తాగితే పళ్లకు గోధుమ రంగు పడుతుంది. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ లేనిదే లేవని నాకు అది అన్నిటికన్నా కష్టమైంది. నాలుకకు ఉప్పు రుచి కొన్నాళ్లు సరిగ్గా తెలియలేదు, మౌత్‌వాష్ ఆపాక దానంతట అదే తిరిగొచ్చింది.

చిగురు మానడం రోజూ అద్దంలో చూశాను. సెల్‌ఫోన్ టార్చి వేసి ఒకే కోణంలో ఫొటో తీసి డాక్టరమ్మకు పంపమంది కాబట్టి, తేడాలు బాగా కనిపించాయి. మొదట కుట్ల చుట్టూ ముదురు ఎరుపు. రెండు మూడు రోజులకు చిగురు అంచు మీద, అంగిలి గాయం మీద తెల్లటి పొర కట్టింది. దాన్ని చూసి చీము పట్టిందని భయపడ్డాను. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే విసుక్కోకుండా వివరించింది. అది ఫైబ్రిన్ అనే పొర, గాయానికి శరీరం వేసుకునే కప్పు, తుడవకూడదు, దూదితో తాకకూడదు. చీము అయితే వాసన వస్తుంది, వాపు తగ్గే బదులు రోజురోజుకూ పెరుగుతుంది, జ్వరం, సలుపు ఉంటాయి. నాకు అవేమీ లేవు. కొన్ని రోజులకు ఆ తెలుపు కింద నుంచి గులాబీ రంగు తేలింది. వెనక దూర్చిన కండ వల్ల చిగురు అక్కడ ఉబ్బెత్తుగా ఉండింది, పక్క పన్ను చిగురుతో పోలిస్తే ఎక్కువ. అలా ఉండటమే మంచిది, మానేకొద్దీ కొంత కుంచించుకుపోతుందని చెప్పింది. అలాగే అయింది.

కుట్లు తీసే రోజు బ్రహ్మోత్సవాల జనంతో ఊరంతా కిక్కిరిసి ఉండింది. ఆటో లీలామహల్ దాటి కదల్లేదు, దిగి నడుచుకుంటూ వెళ్లాను. కుట్లు తీయడం నొప్పి లేదు.

ఆ తరువాతి కాలమే అసలు జాగ్రత్త కావలసింది. నొప్పి పోయింది, వాపు పోయింది, పన్ను గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే లోపల స్క్రూ పట్టు తక్కువగా ఉంటుంది. పెట్టిన రోజు అది నిలిచేది పాత ఎముక బిగువు మీద. తరువాత శరీరం నలిగిన ఆ పాత ఎముకను కొంచెం కొంచెంగా తీసేస్తూ, టైటానియం మీద కొత్త ఎముక కడుతుంది. పాతది తగ్గి, కొత్తది ఇంకా గట్టిపడని సమయం మామూలుగా 2 నుంచి 4 వారాల మధ్య వస్తుంది. అప్పుడు స్క్రూ సూక్ష్మంగా కదిలినా చుట్టూ ఎముక బదులు మెత్తటి నారకండ పెరిగి, ఇంప్లాంట్ ఊడిపోతుంది.

మా అమ్మది పుత్తూరు దగ్గర పల్లె. ఎముక విరిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో పుత్తూరు కట్టు కోసం రావడం చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. నేను స్క్రూ గురించి చెబుతుంటే మధ్యలోనే అందుకుంది. "అంతే కదా మే. కట్టు కట్టిందాక వాళ్లు చూసుకుంటారు, కట్టినాక కదిలించకుండా ఉండాల్సింది మనం. నొప్పి పోయిందని చెయ్యి ఊపితే ఎముక అతుకుతుందా?" డాక్టరమ్మ స్క్రీన్ మీద బొమ్మలు వేసి చెప్పిన దానికన్నా నాకు ఈ మాట బాగా పట్టింది. ఆ వారాలన్నీ అమ్మ మా ఇంట్లోనే ఉండి, దోసె కూడా పాలల్లో నానబెట్టి ఇచ్చింది. బంధువులు కొండ నుంచి లడ్డు తెస్తే చేత్తో చిదిపి, జీడిపప్పు, కలకండ ముక్కలు ఏరి పక్కన పెట్టి మిగిలింది నోట్లో పెట్టింది.

ఎముక టైటానియానికి ఇలా అతుక్కుంటుందని తెలిసింది స్వీడన్‌లో. 1952లో బ్రానెమార్క్ అనే వైద్యుడు కుందేలు ఎముకలో రక్త ప్రసారం చూడటానికి టైటానియం పరికరం పెట్టి, తరువాత తీయబోతే అది ఊడి రాలేదట. 1965లో మొదటిసారి మనిషి దవడలో ఇంప్లాంట్లు పెట్టాడు. డాక్టరమ్మ ఈ కథ చెప్పాక, మా తొమ్మిదో తరగతి పిల్లలకూ చెప్పాను. ఆ రోజు క్లాసులో ఎవరూ కదల్లేదు.

స్కూలు తెరిచాక పాఠం చెప్పడానికి ఇబ్బంది పడతానని భయపడ్డాను. మన భాషలో త, ద, న పలకాలంటే నాలుక సరిగ్గా ఆ పన్ను వెనకే ఆనాలి. టెంపరరీ పన్ను వెనకవైపు కొంచెం మందంగా ఉండటంతో మొదట 'స' పలికితే గాలి ఈల వేసేది. కొన్నాళ్లకు నాలుక అలవాటు పడింది.

ఎముక అతుక్కోవడానికి 3, 4 నెలలు ఆగాం. ఆ నెలల్లోనే డాక్టరమ్మ చిగురుకు ఆకారం తెచ్చింది. ఇది నేను ముందెప్పుడూ వినని పని. స్క్రూ గుండ్రంగా, సన్నగా ఉంటుంది, అసలు పన్ను చిగురులోంచి బయటికొచ్చే చోట వెడల్పుగా, కొంచెం ముక్కోణంగా ఉంటుంది. చిగురు దేన్ని ఆనుకుని మానితే ఆ ఆకారం తెచ్చుకుంటుంది. అందుకని టెంపరరీ పన్ను విప్పి, చిగురు లోపలికి వెళ్లే భాగానికి పంటి రంగు మెటీరియల్ చిటికెడు అతికి, నున్నగా పాలిష్ చేసి మళ్లీ బిగించేది. బిగించగానే చిగురు అంచు తెల్లగా పాలిపోయేది. ఆమె గడియారం చూస్తూ కూర్చునేది. పది, పదిహేను నిమిషాల్లో మళ్లీ గులాబీ రంగు తిరిగిరావాలి. వస్తే ఒత్తిడి సరిపోయిందని, రాకపోతే ఎక్కువైందని. ఒకసారి రంగు తిరిగి రాలేదు. మొహమాటం లేకుండా మళ్లీ విప్పి, అతికిన దాంట్లో కొంత అరగదీసి పెట్టింది. ఒత్తిడి ఎక్కువైతే రక్తం అందక చిగురు పైకి జారిపోతుందట. ఈ పని కొన్ని వారాలకోసారి, కొంచెం కొంచెంగా సాగింది.

నాకు బెంగ పెట్టింది రెండు పళ్ల మధ్య ఉండే చిగురు మొన. పన్ను పీకాక అది కుంగి, రెండు నడిమి పళ్ల మధ్య నల్లగా చిన్న ముక్కోణం సందు కనిపించేది. ఆ మొన నిలబడేది పక్క పన్ను ఎముక మీద ఆధారపడి. రెండు పళ్లు కలిసే చోటు నుంచి చిగురు లోపలి ఎముక దాకా దూరం 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే మొన దాదాపు ఎప్పుడూ నిండుతుంది, దూరం పెరిగేకొద్దీ అవకాశం తగ్గుతుంది. నాది ఆ అంచు మీదే ఉంది. అందుకే పూర్తిగా నిండుతుందని ఆమె మాట ఇవ్వలేదు. "మీ పక్క పన్ను శుభ్రంగా పెట్టుకోండి, మిగతాది కాలం చూసుకుంటుంది" అంది. ఆశ పెట్టి తరువాత సర్దిచెప్పే బదులు ఇలా ముందే చెప్పడం నాకు ఎంతో నచ్చింది.

అసలు పన్నుకు కొలత తీసినప్పుడు కూడా చిగురే ముఖ్యం. టెంపరరీ విప్పిన కొద్ది నిమిషాల్లోనే చిగురు లోపలికి వాలిపోతుంది. కాబట్టి టెంపరరీ కింది భాగం అచ్చు ముందే తీసి, అదే ఆకారంలో ఒక ముక్క చేసి నోట్లో పెట్టి కొలత తీసింది. అలా తీస్తే ల్యాబ్‌లో చేసే పన్నుకూ ఇన్ని నెలలు పెంచిన చిగురుకూ సరిగ్గా కుదురుతుంది. రంగు చూడటానికి నన్ను బయట పగటి వెలుతురులో నిలబెట్టింది. లైటు కింద చూస్తే పసుపు, తెలుపు మోసం చేస్తాయి. పైగా చాలాసేపు నోరు తెరిచి ఉంచితే పళ్లు ఎండి తెల్లగా కనిపిస్తాయి, అందుకని కుర్చీ ఎక్కకముందే రంగు చూసింది. జిర్కోనియా అనే గట్టి పింగాణీ లాంటి పదార్థంతో చేసిన పన్ను, అదీ వెనక నుంచి మరతో బిగించేదే.

అది బిగించి ఇప్పటికి ఏడాది దాటింది. బిల్లు గురించి ఒక మాట. స్కాన్, ఇంప్లాంట్, ఎముక పొడి, చిగురు అతుకు, టెంపరరీ పన్ను, చివరి పన్ను అన్నిటికీ విడివిడిగా రాసి ముందే ఇచ్చింది. చాలాచోట్ల చెప్పే ధర ఒక్క స్క్రూకే. మిగతావి తరువాత ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ముందే విడివిడిగా రాయించుకుంటే ఇంట్లో లెక్క వేసుకోవడానికి వీలుంటుంది.

శుభ్రం చేసుకోవడం విషయంలో నాకు భయం కలిగించి మంచి చేసిన విషయం ఒకటుంది. సొంత పంటికి చిగురు నార పోగులు వేరు లోపలికి గుచ్చుకుని పట్టుకుంటాయి. ఇంప్లాంట్ చుట్టూ అవి పక్కనుంచి హత్తుకుని ఉంటాయి తప్ప లోపలికి దిగవు. అందుకే ఆ పట్టు బలహీనం, గార చేరితే క్రిములు ఎముక దాకా త్వరగా దిగుతాయి. పైగా ఇంప్లాంట్‌కు సొంత పంటిలా జివ్వుమనడం తెలియదు, చాలాసార్లు నొప్పి లేకుండానే ఎముక కరుగుతుంది. కాబట్టి తోమేటప్పుడు రక్తం కనిపిస్తే ఆ వారమే చూపించుకోవాలి. రాత్రి పూట మెత్తని బ్రష్, మధ్య సందుల్లో చిన్న కుచ్చు బ్రష్, చిగురు కిందికి స్పాంజిలా ఉండే ఫ్లాస్ దారం. పెదవి వైపు చిగురు మొదటి నెలల్లో అర మిల్లీమీటరు లోపే పైకి జరిగి ఆగింది, ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. రెండు పళ్ల మధ్య మొన చాలావరకు నిండింది, పైన గుండుసూది మొనంత సందు మిగిలింది. దాన్ని పంటి రంగు మెటీరియల్‌తో మూయించుకోవచ్చు కానీ నాకు అవసరం అనిపించలేదు. మొక్కుబడి మెట్లు ఎక్కి తీర్చుకున్నాను. మొక్కజొన్న మాత్రం ఇప్పుడు గింజలు వలుచుకుని పక్క పళ్లతో తింటున్నాను.

చివరి రోజు డాక్టరమ్మ ఒక చిన్న కార్డు ఇచ్చింది. ఇంప్లాంట్ కంపెనీ పేరు, వెడల్పు, పొడవు, లాట్ నంబరు అంటించి ఉన్నాయి. ఒక్కో కంపెనీ మరకు ఒక్కో రకం స్క్రూడ్రైవర్ కావాలి. రేపు మేం చెన్నైకో హైదరాబాద్‌కో మారినప్పుడు ఆ మర వదులైతే, ఈ కార్డు లేకుండా ఏ డాక్టరైనా వెతుక్కోవాల్సిందే. మీకు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. నాది ఆధార్ కార్డు పక్కన పెట్టుకున్నాను.